క్లోనీలో గోల్డ్‌ఫిష్ కొనాలంటే

డబ్లిన్‌కు వాయవ్యంగా, మీత్ కౌంటీ అంచున, టోల్కా నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు క్లోనీ. ఆ చుట్టుపక్కల కాలనీల్లో తెలుగు కుటుంబాలు బాగానే స్థిరపడ్డాయి. పిల్లలు మారాం చేశారని గోల్డ్‌ఫిష్ కొనబోతే, శ్రద్ధగా నడిపే దుకాణంలో ముందు ఏ చేప కావాలని అడగరు. తొట్టి ఎన్ని లీటర్లది, ఫిల్టర్ ఎన్నాళ్లుగా తిరుగుతోంది, నీళ్లు పరీక్షించారా అని అడుగుతారు. తొట్టి నిన్ననే కొన్నామంటే చేప ఇవ్వరు. కొన్ని వారాలాగి, సీసాలో తొట్టి నీళ్లు పట్టుకురమ్మంటారు. చేతిలో డబ్బు పెట్టుకుని అడుగుతుంటే సరుకు లేదు పొమ్మనే వ్యాపారిని చూస్తే మనకు ఒళ్లు మండుతుంది. కానీ అడిగిన ప్రతివారికీ అమ్మకూడదన్న ఆ పద్ధతికి అక్కడి చట్టం కూడా తోడుంది. ఐర్లాండ్ 2013లో తెచ్చిన జంతు ఆరోగ్య, సంక్షేమ చట్టం ప్రకారం 16 ఏళ్లు నిండని పిల్లలకు జంతువులను అమ్మకూడదు.

అదే మన హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే గాజుగిన్నె, రంగురాళ్లు, మేత డబ్బా, నాలుగు చేపలు ఒకే సాయంత్రం ఒకే సంచిలో ఇంటికొస్తాయి. రెండో వారానికి చేపలు తేలిపోతే ఇంటి దిష్టి అవి తీసుకుపోయాయని సర్దిచెప్పుకుంటాం. అసలు తీసుకుపోయింది అమ్మోనియా. చేప మొప్పల నుంచి, విసర్జన నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అది పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. క్లోనీ దుకాణదారు ఆగమనేది ఆ వారాలే.

అక్కడి వాతావరణం సగం పని చేసిపెడుతుందన్నది కూడా ఒప్పుకోవాలి. క్లోనీలోని మెటా డేటా సెంటర్ కంప్యూటర్లనే బయటి గాలితో చల్లబరుస్తారు, ఇక గోల్డ్‌ఫిష్‌కేం! ఒరాండా, ర్యూకిన్, రాంచు లాంటి ఫ్యాన్సీ రకాలకు 18 నుంచి 22 డిగ్రీల నీళ్లు హాయి. మన వేసవిలో తొట్టి నీళ్లు 30 దాటుతాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. పైగా అమ్మోనియాలోని విషపు వాటా అదే వేడికి దాదాపు రెట్టింపవుతుంది. అంటే నియమాలు అక్కడికంటే ఇక్కడే గట్టిగా పాటించాలి. మొదటి చేపకు 75 లీటర్లు, ఆపైన ఒక్కోదానికి 40 చొప్పున అని అనుభవజ్ఞులు చెప్పే లెక్కను మన ఎండకు కాస్త పెంచుకోవాలే గానీ తగ్గించకూడదు.

మేత దగ్గర తేడా అలవాటుది. అతిథికి కొసరి కొసరి వడ్డించే ఇంట్లో చేప కూడా అతిథే. పిల్లలు చిటికెడు, తాతయ్య చిటికెడు, చూడవచ్చినవాళ్లు ఇంకో చిటికెడు. గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం ఉండదు, ఎంత తిన్నా అద్దం దగ్గరకొచ్చి నోరు తెరుస్తూనే ఉంటుంది. ఫ్యాన్సీ రకాల పొట్టి గుండ్రటి ఒంట్లో పేగులూ, తేలడానికి సాయపడే గాలితిత్తీ ఇరుక్కుని ఉంటాయి. కడుపు ఉబ్బిందంటే చేప తలకిందులవుతుంది. జాగ్రత్త తెలిసినవాళ్లు మునిగే రకం గుళికలను కాసేపు నానబెట్టి, రెండు నిమిషాల్లో తినేసేంతే, రోజుకు రెండుసార్లు వేస్తారు. వారంలో ఒక రోజు ఉపవాసం. ఒక్కోసారి ఉడికించి పొట్టు తీసిన బఠాణీని చిదిమి పెడతారు. ఏకాదశులు తెలిసిన ఇళ్లకు ఈ ఉపవాసం కష్టమేమీ కాదు.

ఐరోపా అంతా ఆదర్శమని కాదు. గుండ్రటి గాజుగిన్నెల్లో చేపలను పెంచకూడదని రోమ్ నగరం 2005లో నిబంధన పెట్టాల్సి వచ్చిందంటేనే అక్కడా ఆ తప్పు జరుగుతోందని అర్థం.

పెంచలేని చేపను ఏం చేయాలన్నది ఇంకో చిక్కు. ఐర్లాండ్‌లో అనుమతి లేకుండా చేపలను నదిలో వదలకూడదు. మన దగ్గర, తొట్టి శుభ్రం చేస్తుందని గోల్డ్‌ఫిష్‌తో పాటు అంటగట్టే సక్కర్ ఫిష్ మూరెడు పెరగగానే చెరువు పాలవుతుంది. తూర్పు కనుమల ప్రాంతపు నీటి వనరుల్లో అది ఎంతగా పాకిందో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్ఏ ఆనవాళ్లతో పట్టుకున్నారు. మత్స్యకారుల వలలు చింపేది అదే.

క్లోనీ దుకాణంలో చూసిన నీళ్ల పరీక్ష మనకు కొత్త విద్యేం కాదు. భీమవరం, కైకలూరు ఆక్వా రైతు డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, అమ్మోనియా అన్న మాటలు రోజూ వాడతాడు. మబ్బు పట్టిన రాత్రి ఆక్సిజన్ పడిపోతుందని తెల్లవార్లూ ఏరియేటర్లు తిప్పుతాడు. నీళ్లు పరీక్షించకుండా చెరువులో చేపపిల్లను వదలడు. అక్కడ వీధివీధికీ కనిపించే ఆక్వా ల్యాబుల్లో చేసే అమ్మోనియా పరీక్షే, చిన్న కిట్‌తో అయిదు నిమిషాల్లో అక్వేరియం షాపు కౌంటరు మీద చేయొచ్చు. సంచిలో చేప వేసే ముందు ఆ ఒక్క పరీక్ష అడగాల్సింది కొనేవాళ్లే.