జారేది టైరా, క్లచ్చా?

"అన్నా, ఫస్ట్, సెకండ్‌ల టైర్లు గిర్రున తిరుగుతున్నయ్, ముందటి భాగం దబదబ కొట్టుకుంటంది. థర్డ్ వేద్దామంటే పడ్తలేదు. పడ్డంక ఆర్పీఎం లేస్తంది గానీ బండి ఉరుకుతలేదు. ఎల్ఎస్‌డీ వేయించాల్నా?"

ఇంద్రేశం నుంచి ఒక తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్ ఇది. బండి సెకండ్ హ్యాండ్ టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఐదు గేర్ల మాన్యువల్, ఫ్రంట్ వీల్ డ్రైవ్. రీమ్యాప్ చేయించాక టార్క్ 220 న్యూటన్ మీటర్లు వస్తోందట. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్ట్ డ్యూటీ చేసుకుంటూ, ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే క్వార్టర్ మైలు రన్‌లో, అంటే 402 మీటర్ల పరుగులో, ఒక్కసారైనా దిగాలని డబ్బు దాస్తున్నాడు. షెడ్డులో చెప్పిన మందు మూడు ముక్కలు: ఎల్ఎస్‌డీ, బరువైన క్లచ్, గేర్ బాక్స్ విప్పడం. దాచినదంతా పోయి పైన అప్పు మిగిలే ఖర్చు అది.

తమ్ముడూ, ఆగు. నువ్వు చెప్పినవి మూడు కంప్లైంట్లు. మూడూ ఒకే జబ్బని షెడ్డువాళ్లు అనుకున్నారు. ముందు జారేది ఎక్కడో తేలాలి. దానికి కాగితం, పెన్ను చాలు.

నువ్వు పంపిన రేషియోలతోనే లెక్క వేద్దాం. ఫస్ట్ 3.5, సెకండ్ 1.9, థర్డ్ 1.28, ఫైనల్ డ్రైవ్ 4.1. టైర్ 195/55 ఆర్15, అంటే వ్యాసార్థం దాదాపు 0.298 మీటర్లు. ఇంజన్ 220 ఇస్తే ఫస్ట్ గేర్‌లో రోడ్డు మీద పడే తోపు సుమారు 1,080 కిలోలు. సెకండ్‌లో 586, థర్డ్‌లో 395. గేర్ బాక్స్ మింగేది వదిలేశాను, కాబట్టి అసలు లెక్కలు ఇంకొంచెం తక్కువే ఉంటాయి.

ఇప్పుడు టైర్ ఎంత పట్టుకోగలదో చూద్దాం. డ్రైవర్‌తో కలిపి బండి 1,100 కిలోలు అనుకో. నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద 62 శాతం, అంటే 682 కిలోలు ఉంటుంది. గట్టిగా లాగించగానే బరువు వెనక్కి వాలుతుంది. భూమి లాగే బలంలో సగం వేగంతో దూకితే దాదాపు 110 కిలోలు ముందు నుంచి వెనక్కి పోతాయి. మిగిలేది 570. మంచి పొడి రోడ్డు మీద మామూలు టైర్ ఇందులో 90 శాతం పట్టుకుంటే గొప్ప, అంటే 513 కిలోలు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ శాపమే ఇది: లాగే చక్రాల మీదే బరువు తగ్గుతుంది.

అంటే ఫస్ట్‌లో నువ్వు ఇచ్చేది టైర్ భరించేదానికి రెండింతలు. సెకండ్‌లో కూడా కొంచెం ఎక్కువే. అక్కడ టైర్ తిరగడం జబ్బు కాదు, ఫిజిక్స్. కానీ థర్డ్‌లో 395 మాత్రమే. పొడి రోడ్డు మీద, ఇసుక లేని చోట, ఆ తోపుకి టైర్ జారకూడదు. మరి ఆర్పీఎం ఎందుకు లేస్తోంది? అక్కడ జారేది క్లచ్ అనే నా అనుమానం.

అనుమానం చాలదు, రుజువు కావాలి. ఓబీడీ డాంగిల్ ఒకటి తీసుకుని ఆర్పీఎం, ముందు చక్రాల స్పీడ్, వెనక చక్రాల స్పీడ్ రికార్డు చెయ్. నాలుగు చక్రాల స్పీడూ విడిగా చూపించే స్కానర్ షెడ్డులో ఉంటే అడుగు. ఫోన్ జీపీఎస్ మామూలుగా సెకనుకి ఒక్కసారే లెక్క ఇస్తుంది, లాంచ్ మొత్తం ఆ సందులోనే అయిపోతుంది. జీపీఎస్సే కావాలంటే సెకనుకి 10 సార్లు చదివే రిసీవర్ పెట్టుకో. ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా వేగంగా తిరుగుతుంటే జారేది టైర్. నాలుగూ ఒకే స్పీడ్ చూపిస్తూ ఆర్పీఎం మాత్రం లెక్కకి మించి లేస్తే జారేది క్లచ్.

ఆ లెక్క ఎంతో కూడా చెప్తా. నీ బండి సెకండ్‌లో 6,000 ఆర్పీఎం దగ్గర గంటకు 86 కిలోమీటర్ల పైన ఉంటుంది. అక్కడ థర్డ్ వేస్తే ఆర్పీఎం 4,040 దగ్గరికి దిగాలి. లాగ్‌లో స్పీడ్ 86 ఉండి ఆర్పీఎం 4,800 దగ్గర తేలుతుంటే ఇంక వాదన లేదు.

క్లచ్ జారినంత మాత్రాన వెంటనే బరువైన క్లచ్ కొనేయకు. ప్లేటు అరిగిందా, గ్లేజ్ కొట్టి అద్దంలా మెరుస్తోందా, ఇంజన్ వెనక ఆయిల్ సీల్ కారి ప్లేటు మీద పడుతోందా అన్నది గేర్ బాక్స్ దించాకే తెలుస్తుంది. సీల్ కారుతుంటే ఎంత ఖరీదు క్లచ్ వేసినా నెలలో మళ్లీ అదే కథ. కంపెనీ క్లచ్‌ని కంపెనీ టార్క్ చూసి, పైన కొంత మార్జిన్ ఉంచి చేస్తారు. రీమ్యాప్ తినేసేది ఆ మార్జిన్‌నే. ముత్తంగి ట్రాఫిక్‌లో రోజూ సగం క్లచ్ మీద కాలు పెట్టి నడిపితే మిగతాది అక్కడే అయిపోతుంది.

ఇక థర్డ్ పడకపోవడం. దీనికి షెడ్డులో వెంటనే "సింక్రో పోయింది" అంటారు. అవ్వొచ్చు. కానీ ముందు నాలుగు చిన్న పరీక్షలు ఉన్నాయి. ఇంజన్ ఆపి గేర్లన్నీ వేసి చూడు. ఆపినప్పుడు వెన్నలా పడి, స్టార్ట్ చేస్తే పడకపోతే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, ఐదు సెకన్లు ఆగి రివర్స్ వెయ్. కరకరమంటే అదే మాట. పెడల్ రెండు మూడు సార్లు పంప్ చేశాక గేర్ పడితే హైడ్రాలిక్ లైన్‌లో గాలి ఉంది, లేదా ఎక్కడో లీకు. అది గేర్ బాక్స్ విప్పకుండానే తేలే పని. అన్ని గేర్లూ బాగుండి ఒక్క థర్డ్ మాత్రమే, నింపాదిగా నడిపినా కరకరమంటే అప్పుడు సింక్రో.

గేర్ ఆయిల్ కూడా అడుగు. "90 ఆయిల్ పోశాం" అంటే సరిపోదు, జీఎల్-4 ఆ, జీఎల్-5 ఆ? జీఎల్-5 కొన్ని గేర్ బాక్సుల్లోని ఇత్తడి సింక్రోలకి పడదు, వాటికి కావాల్సిన రాపిడి కూడా ఇవ్వదు. మాన్యువల్ బుక్కులో ఏది రాశారో అదే పోయాలి.

నీ మెసేజ్‌లో నన్ను ఆపిన మాట మాత్రం వేరే. మెల్లగా నడిపితే థర్డ్ పడుతోంది, గట్టిగా లాగినప్పుడే పడట్లేదు అన్నావ్. పైగా లాంచ్‌లో ముందు భాగం దబదబ కొట్టుకుంటోంది. ఈ రెండూ కలిసి వస్తే నేను ముందు చూసేది ఇంజన్ మౌంటింగులు. కొన్ని షెడ్డుల్లో ఫౌండేషన్ అంటారు. రబ్బరు చిరిగితే లోడ్‌లో ఇంజనూ గేర్ బాక్సూ కలిసి ఊగుతాయి. గేర్ రాడ్ బాడీకి, గేర్ బాక్స్ ఇంజన్‌కి అంటుకుని ఉంటాయి కదా, మధ్యలో ఉన్న కేబుల్ పక్కకి గుంజుకుపోతుంది. నువ్వు థర్డ్ వైపే తోస్తావ్, లోపల ఫోర్క్ వేరే చోట ఉంటుంది. అదే ఊగుడు చక్రాన్ని పట్టించి, వదిలించి, మళ్లీ పట్టిస్తుంది. దాన్నే వీల్ హాప్ అంటారు. అలా నాలుగు లాంచులు కొడితే డ్రైవ్ షాఫ్టు కూడా విరగొచ్చు.

పరీక్ష ఇద్దరు చేయాలి. చక్రాలకి రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, బానెట్ ఎత్తు. ఒకరు ఫస్ట్‌లో క్లచ్‌ని కొంచెం పట్టనిచ్చి వెంటనే తొక్కాలి, తర్వాత రివర్స్‌లో అలాగే. రెండోవాళ్లు పక్కన నిలబడి చూడాలి, బండి ముందు మాత్రం కాదు. ఇంజన్ కొంచెం కదిలితే మామూలే. ఎగిరి కూర్చుంటే మౌంటింగు పోయినట్టే. గేర్ బాక్స్ విప్పడంతో పోలిస్తే దాన్ని మార్చే ఖర్చు చాలా తక్కువ. కొత్తది వేసి మళ్లీ చూడు, మూడు కంప్లైంట్లలో రెండు అక్కడే పోవచ్చు. ఇదేమీ చూడకుండా గట్టి స్ప్రింగ్ ఉన్న క్లచ్ వేయించి ఉంటే, విడవడానికి ఇంకా బలం కావాల్సి వచ్చి థర్డ్ మరింత మొరాయించేది.

ఎల్ఎస్‌డీ సంగతి: లాంచ్ చేసిన చోట రోడ్డు మీద నల్ల గీతలు చూడు. ఒకటే గీత ఉంటే ఒక చక్రం ఊరికే తిరుగుతోంది, అప్పుడు ఎల్ఎస్‌డీ పని చేస్తుంది. రెండు గీతలూ సమానంగా ఉంటే రెండు టైర్లూ ఓడిపోయాయి, ఎల్ఎస్‌డీ తెచ్చి ఇచ్చే పట్టు ఏమీ లేదు. అప్పుడు డబ్బు టైర్లకి పెట్టు. మన జిల్లాలోనే సదాశివపేట దగ్గర ఎమ్మారెఫ్ ఫ్యాక్టరీ ఉంది, కానీ టైర్ ఎక్కడ పుట్టిందో కన్నా ఎప్పుడు పుట్టిందో ముఖ్యం. పక్కన నాలుగంకెలు ఉంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం. అంత పాత రబ్బరు రాయితో సమానం. ముందు టైర్లలో స్టిక్కర్ చెప్పిన దానికన్నా 2 పీఎస్ఐ తగ్గించి ఒక రన్, మరో 2 తగ్గించి ఇంకో రన్ చూడు. అక్కడితో ఆపు, ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపు.

ఫస్ట్, సెకండ్‌లో బూస్ట్ తగ్గించమని ట్యూనర్‌ని అడగడం అన్నిటికన్నా చౌక. పరువు తక్కువేం కాదు. అమెరికాలో టాప్ ఫ్యూయల్ బండ్లకి మనలా మార్చుకునే గేర్లే ఉండవు. క్లచ్‌ని ముందు కావాలనే జారనిచ్చి, బండి వేగం అందుకునే కొద్దీ బిగిస్తారు. వేల హార్స్‌పవర్ ఉన్నవాళ్లే టైర్ ఎంత పట్టుకుంటే అంతే ఇస్తున్నారు.

ఇవన్నీ ఎక్కడ పరీక్షించాలి అన్నది మిగిలింది. లెక్క మళ్లీ చూడు: థర్డ్‌లో 6,000 అంటే 128 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీద లిమిటే 120. సర్వీస్ రోడ్డు అంటావా, రాత్రి షిఫ్ట్ వదిలాక కంపెనీ బస్సులు దిగి చీకట్లో రోడ్డు దాటేది నీతో పనిచేసేవాళ్లే. పైగా లారీల నుంచి రాలిన ఇసుక, కారిన డీజిల్ మీద తీసిన రీడింగ్‌కి విలువ లేదు. పబ్లిక్ రోడ్డు మీద రేస్ అంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. మాడిఫికేషన్ సంగతి ఇన్సూరెన్స్‌కి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర ఇంకో గొడవ. మౌంటింగు, క్లచ్ పెడల్, గేర్ పరీక్షలు బండి నిలబెట్టే చేయొచ్చు. థర్డ్‌లో క్లచ్ జారడం డైనో మీద పది నిమిషాల్లో తేలుతుంది. లాంచ్ ఒక్కటి స్ట్రిప్ దాకా ఆగాలి.

మౌంటింగు చూశాక ఫోటో పంపు. డైనో లాగ్ పంపితే ఫైల్ పేరులోనే గేర్, టైర్ ప్రెషర్ రాయి. క్లచ్ ఏది కొనాలో అది చూశాక మాట్లాడుకుందాం.