ఫర్మ్‌వేర్ కూడా విడిభాగమే

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. వరద తీశాక బండ్లు, ఫ్రిజ్‌లతో పాటు తడిసిన ఫోన్లూ రిపేరు షాపుల దారి పట్టాయి. బ్యాటరీ, డిస్‌ప్లే, ఛార్జింగ్ పిన్ను మార్చడం రోజూ జరిగే పనే. లోపలి మెమరీ చిప్ పోయినా దాన్ని ఊడదీసి కొత్తది అతికించగల మెకానిక్‌లు ఈ ఊళ్లో ఉన్నారు. అయితే ఆ కొత్త చిప్ ఖాళీగా ఉంటుంది. అందులో ఆ మోడల్‌కు చెందిన కంపెనీ సాఫ్ట్‌వేర్ పడితేనే ఫోను లేస్తుంది. ఆ ఫైలు దొరక్కపోతే చేసిన పనంతా వృథా.

ఆ ఫైలే స్టాక్ ఫర్మ్‌వేర్. గూగుల్ తన పిక్సెల్ ఫోన్ల ఫైళ్లను ఎవరైనా దించుకునేలా తన సైట్లోనే పెడుతుంది. చాలా కంపెనీలు మాత్రం సర్వీస్ సెంటర్ గడప దాటనివ్వవు. పదేళ్ల కిందట మన బజార్లలో విరివిగా అమ్ముడైన చౌక ఫోన్ల పరిస్థితి ఇంకా కష్టం. హైదరాబాద్‌లో పుట్టిన సెల్కాన్, మైక్రోమ్యాక్స్, కార్బన్ ఫోన్లు చాలా ఇళ్లలో మొదటి స్మార్ట్‌ఫోన్లు. ఆ తరం చౌక ఫోన్లలో ఒకే మోడల్ పేరు కింద వేరే డిస్‌ప్లే, వేరే బోర్డు రావడం మామూలే. పేరు కలిసిందని ఫైలు ఎక్కిస్తే తెర తెల్లబోయే ప్రమాదం ఉంది.

కంపెనీ చేయి వదిలేసిన ఇలాంటి ఫోన్ల దగ్గరే కుర్రాళ్లు రూటింగ్ మాట ఎత్తుతారు. ఫోను మీద పూర్తి అధికారం చేతికి తెచ్చుకోవడమే రూటింగ్. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనులో కంపెనీ కుక్కిన యాప్‌లను పీకేసి, మరో రెండేళ్లు వాడుకుందామన్న ఆశ న్యాయమైనదే. కానీ ఇప్పుడు ఎక్కువమంది వాడే మ్యాజిస్క్ పద్ధతి ఏం చేస్తుంది? సరిగ్గా ఆ ఫోనులో నడుస్తున్న వెర్షన్ తాలూకు బూట్ ఇమేజ్‌ను, అంటే ఫోనును మొదలుపెట్టే ఫైలును, తీసుకుని, దాన్ని సవరించి, తిరిగి ఎక్కిస్తుంది. ఆ బూట్ ఇమేజ్ ఉండేది స్టాక్ ఫర్మ్‌వేర్‌లోనే. అంటే, కంపెనీతో పని లేకుండా చేసుకుందామని రూటింగ్‌కు వెళ్లినవాణ్ని రూటింగ్ అడిగే మొదటి వస్తువు ఆ ఫైలే. వేరే వెర్షన్‌ది వేస్తే ఫోను లోగో దగ్గరే ఆగిపోవచ్చు.

ఆ ఫైలు బయట దొరకనప్పుడు ఉన్న దారి ఒకటే: ఫోనులో ఉన్నదాన్ని ఫోను నుంచే చదువుకోవడం. మీడియాటెక్ చిప్‌లలో బీరోమ్ మోడ్, క్వాల్‌కామ్ చిప్‌లలో ఈడీఎల్ మోడ్ అని లోతైన ద్వారాలున్నాయి. ఫోను ఆ స్థితిలో ఉన్నప్పుడు కంప్యూటర్‌కు కలిపి, మెమరీలోని ఒక్కో పార్టిషన్‌ను (విభాగాన్ని) ఫైలుగా దించుకోవచ్చు. అన్ని ఫోన్లలో కుదరదు. కొత్త మోడళ్లు కంపెనీ అనుమతి అడుగుతాయి; క్వాల్‌కామ్‌కు ఆ మోడల్‌కు సరిపడే ప్రోగ్రామర్ ఫైలూ కావాలి. కుదిరిన చోట మాత్రం బూట్ ఇమేజ్ ఒక్కటే తీసి ఊరుకోకూడదు. ఫోను గుర్తింపు అయిన ఐఎంఈఐ నంబరు, సిగ్నల్ లెక్కలు దాచుకున్న పార్టిషన్లనూ తీసి రెండు చోట్ల భద్రపరచాలి. అవి చెడితే సిమ్ ఉన్నా నెట్‌వర్క్ రాదు. అప్పుడు ఏదో ఒక నంబరు రాసిపెడతామనేవారు తగులుతారు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం ఐఎంఈఐ తారుమారుకు మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా ఉండొచ్చు.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. రూటింగ్ కోసం ముందుగా బూట్‌లోడర్ తాళం తీయాలి; అది తీయగానే సాధారణంగా లోపలి ఫొటోలు, నంబర్లు తుడిచిపెట్టుకుపోతాయి. రూట్ అయిన ఫోనులో బ్యాంకు, యూపీఐ యాప్‌లు మొరాయించవచ్చు. 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర ద్వారా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సేవలూ వాట్సాప్‌కు వచ్చేశాయి. ఇంటికంతటికీ ఒక్క ఫోనే ఉన్న కౌలురైతు ఆ ఫోనును రూట్ చేయించుకోవద్దనే నా సలహా. అలాగని ఊరూపేరూ లేని సైట్లలో డబ్బు కట్టి ఫైళ్లు కొనడం ఇంకా ప్రమాదం. కొన్ని చౌక ఫోన్లలో ఫ్యాక్టరీ నుంచే ట్రయాడా అనే వైరస్ వచ్చిందని 2019లో గూగులే నిర్ధారించింది. కొత్త ఫోనుకే ఆ గతి పడితే, అనామకుడు అమ్మిన ఫైలును ఏం చూసి నమ్మాలి?

ఇంత సాహసం జనం ఎందుకు చేయాలి? 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలనూ మొబైళ్లనూ ఒకే జాబితాలో పెట్టింది. ట్రాక్టరుకు విడిభాగం దొరక్కపోతే దుక్కి ఆగుతుందని ఢిల్లీకి తెలుసు. ఫోనుకు ఫర్మ్‌వేర్ కూడా అలాంటి విడిభాగమే. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే ఫోన్లకు అమ్మకాలు ముగిశాక కూడా కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలన్న నిబంధన నడుస్తోంది. ఫైలు బయటపెడితే దొంగలకు ఉపయోగమన్న కంపెనీల వాదనలో కొంత నిజం ఉంది. కొట్టేసిన ఫోనును తుడిచి అమ్ముకునేవాళ్లు ఉన్నారు. అయితే బూట్‌లోడర్ తాళం తీయని ఫోను మామూలుగా కంపెనీ సంతకం ఉన్న ఫైలునే ఒప్పుకుంటుంది. దొంగను ఆపాల్సింది, తుడిచాక కూడా పాత యజమాని ఖాతా అడిగే తాళం. ఫైలు దాచిపెడితే దెబ్బతినేది రసీదుతో కొన్న యజమాని.

రాష్ట్రం కేంద్రం కోసం ఆగనక్కర్లేదు. 2022 డిసెంబరు 21న ఇదే కృష్ణా డెల్టాలో, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఉపాధ్యాయులతో కలిపి అయిదు లక్షలకు పైగా శాంసంగ్ ట్యాబ్‌లు, వాటిలో బైజూస్ పాఠాలు. రెండేళ్లు తిరక్కుండానే, 2024 జులైలో బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పరికరం ఒకరిది, పాఠం ఒకరిది, తాళంచెవి ఇంకొకరిది అయినప్పుడు ఒకరు కూలితే పిల్లవాడు ఎవరిని అడగాలి? రాష్ట్రానికి ఐటీ పరికరాలు కొనిపెట్టే ఏపీ టెక్నాలజీ సర్వీసెస్ తన తర్వాతి టెండరులో ఒక నిబంధన చేర్చవచ్చు: ప్రతి మోడల్ పూర్తి ఫర్మ్‌వేర్‌ను, తర్వాత వచ్చే ప్రతి వెర్షన్‌ను, తాళాలు తీసే అధికారాన్ని ప్రభుత్వానికి అప్పగించాకే చివరి బిల్లు చెల్లింపు. అలా చేరిన ఫైళ్లను సింగ్‌నగర్ మెకానిక్ కూడా దించుకునేలా పెట్టాలి.