గోడ రంగుపై గొడవెందుకు?

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. కట్టాక మరో పరీక్ష ఉంది: గోడలకు ఏ రంగు? ఆయనకు ముదురు నీలం ఇష్టం, ఆమెకు లేత పసుపు. చివరికి ఒకరు ‘మీ ఇష్టం’ అని తప్పుకొంటారు. దాన్ని సర్దుబాటు అనుకోవద్దు. తన ఇంట్లో తన మాటకు చోటు లేదన్న బాధ రోజూ కళ్లెదుటే ఉంటే మనసుకు విశ్రాంతి ఎక్కడిది?

అందుకే ముందు ఆరోగ్యం చూసి, తర్వాత అభిరుచి చూడాలి. జగ్గయ్యపేట, నందిగామ ఎండలకు బయటి గోడలు, డాబా పైభాగం లేత రంగులోనే ఉండాలి. ముదురు రంగు వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది. డాబాపై తెల్ల సున్నం వేసినా లోపల కాస్త చల్లబడుతుంది. 2017 నవంబరు నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదు. సీసం పిల్లల మెదడుకు చేటు. కొనేముందు డబ్బాపై ఆ వివరం చూడండి. పాత రంగు గీకించేటప్పుడు పిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా ఉంచండి. వీటిలో బేరాలు వద్దు.

మిగతాదంతా పంచుకోవచ్చు. హాలుకు ఇద్దరూ ఒప్పుకున్న రంగే వేయించండి. లోపల ఒక గోడ ఆయనకు, ఒకటి ఆమెకు వదిలేయండి. ఆయన క్రికెట్ ఫొటోల పక్కనే ఆమె కొండపల్లి బొమ్మలుంటే ఇంటి అందం తగ్గదు. ఖర్చు ఎవరు పెట్టినా మాట ఇద్దరిదీ. పెయింటర్‌ని పిలిచే ముందే ఒక సాయంత్రం కూర్చుని తేల్చుకోండి.