ఆరులో చేరినవాళ్ళు పదిలో ఎంతమంది?

వార్షికోత్సవ సంచిక చేతికి రాగానే మనలో చాలామంది మొదట తిప్పేది పదో తరగతి ఫలితాల పేజీ. ఎవరికి ఫస్టు వచ్చింది, ఎవరికి ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చింది అని చూస్తాం. నేనూ అదే చేస్తాను. ఆ పేజీ మనందరికీ గర్వం. అయితే ఆ పేజీలో ఎప్పుడూ కనిపించని ఒక లెక్క గురించి ఈసారి రాయాలనిపించింది. స్థలం ఇచ్చిన సంపాదకవర్గం వారికి కృతజ్ఞతలు.

ఆ లెక్క చాలా చిన్నది. ఐదేళ్ళ కిందట ఆరో తరగతిలో చేరినవాళ్ళు ఎంతమంది? వాళ్ళలో ఈ ఏడు పదో తరగతి పరీక్ష రాసినవాళ్ళు ఎంతమంది? ఈ రెండు అంకెలు పక్కపక్కన అచ్చయిన సంచిక నేను ఇంతవరకు చూడలేదు. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని బ్యానరు కడతాం. ఆ నూరు ఎవరిలో నూరు? చివరిదాకా మిగిలినవాళ్ళలో నూరు.

మా బ్యాచ్ సంగతే చెబుతాను. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెల నుంచి ట్రంకుపెట్టెలు మోసుకొచ్చి ఆరో తరగతిలో చేరినవాళ్ళం ఒక గది నిండా ఉండేవాళ్ళం. రాత్రి ఒకరి కాళ్ళు ఒకరికి తగిలేవి. పదో తరగతికి వచ్చేసరికి అదే గదిలో కాళ్ళు బారజాపుకొని పడుకున్నాం. చోటు దొరికిందని సంతోషపడ్డామే గాని, మిగతావాళ్ళు ఏమయ్యారని మాలో ఒక్కరమూ అడగలేదు. ఇది ఏ ఒక్క హాస్టలు తప్పూ అనను. అప్పటి కర్నూలు జిల్లాలో, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా అయిన ఈ ప్రాంతంలో, వేరే వేరే హాస్టళ్ళలో చదివిన మిత్రులు చెప్పేదీ ఇంచుమించు ఇదే.

పదో తరగతివాడు చదువు మానేస్తే అందరికీ తెలుస్తుంది. సార్లు కబురు పంపుతారు, వార్డెన్ సారు ఊరికే వస్తారు. ఆరో, ఏడో తరగతి పిల్లవాడు మానేశాడని ఎవరూ అనరు. "వాడు ఇంటికి పోయినాడు, ఇంకా రాలేదు" అంటారు. ఆ 'ఇంకా' వారమవుతుంది, నెలవుతుంది, ఆ తర్వాత రిజిస్టరులో పేరు ఉండదు.

చిన్న తరగతులవాళ్ళకు ఏడాది ఎలా గడుస్తుందో ఒకసారి చూద్దాం. జూన్ రెండో వారంలో బడి తెరుస్తారు. మొదటి నెల ఏడుపుల నెల. లైటు తీశాక దుప్పటి ముసుగులో అమ్మను, జేజిని తలుచుకొని ఏడ్చినవాళ్ళమే మనమంతా. ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్న అన్నలు కూడా. వంటగదిలో కామాటి అక్క ఇంకొక గరిటె అన్నం వేసి "తిను నాయనా" అంటే అదే ఓదార్పు. ఈ నెల దాటితే పిల్లవాడు నిలిచినట్టే అనుకుంటారు. నా ఉద్దేశంలో అసలు గండం అది కాదు. ఆగస్టులో మొదలయ్యేది.

నంద్యాల, ఆళ్ళగడ్డ, కోవెలకుంట్ల ప్రాంతం విత్తన పత్తికి పేరుపడిన నేల. 1970లో గుజరాత్‌లో సి.టి. పటేల్ గారు హెచ్-4 అనే సంకర పత్తిని విడుదల చేశారు. ప్రపంచంలోనే వాణిజ్యపరంగా సాగయిన మొదటి సంకర పత్తి అది. ఆ తర్వాత అలాంటి రకాలెన్నో వచ్చాయి. ఆ విత్తనం యంత్రంతో తయారు కాదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈరోజు మధ్యాహ్నం నుంచి వెతికి, గోటితో గిల్లి, లోపలి పుప్పొడి తిత్తులు తీసెయ్యాలి. మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఒక్క పువ్వు వదలకుండా, ప్రతిరోజూ, నెలల తరబడి. దీన్నే మనవాళ్ళు క్రాసింగ్ అంటారు. చిన్నవేళ్ళయితే పువ్వు నలగదని ఒక మాట చెప్పేవారు. చిన్నవేళ్ళకు కూలి తక్కువ ఇవ్వవచ్చు అన్నది చెప్పని మాట. తల్లిదండ్రుల చేతికి ముందే అడ్వాన్సు అందేది. మరి ఆ అడ్వాన్సు తీర్చేదెవరు? ఆరో తరగతివాడు, ఏడో తరగతివాడు. అంతకంటే ఎక్కువగా వాళ్ళ చెల్లెళ్ళు. దావులూరి వెంకటేశ్వర్లు గారు ఆంధ్రప్రదేశ్ విత్తన పత్తి చేలలో బాలకార్మికుల మీద 2003లో వెలువరించిన అధ్యయనం కూడా వాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువని చెప్పింది.

నాకు హాస్టల్లో సీటు వచ్చిన ఏడాదే మా చెల్లెలు చేనికి పోయింది. ఇంట్లో ఒక కంచం తగ్గింది కాబట్టి ఆ పిల్లనైనా బడికి పంపుతారని నేను అనుకున్నాను. ఒక జీతగాడు తగ్గాడని వాళ్ళు అనుకున్నారు. సెలవుకు ఇంటికి పోయినప్పుడు ఆ పిల్ల చేతులకు మందు వాసన వచ్చేది. నేను తెచ్చిన పుస్తకంలో బొమ్మలు చూసి పెట్టేసేది. ఆ సంగతి రాయడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. 2004లో కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయాలను ఆరు నుంచి ఎనిమిది తరగతుల ఆడపిల్లల కోసం మొదలుపెట్టారంటే, పిల్లలు జారిపోయే చోటు అక్కడేనని ప్రభుత్వానికి కూడా తెలిసిందన్నమాట. మా చెల్లెలికి అది అందలేదు.

పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదని 2016లో చట్టాన్ని సవరించారు. బడి వేళ అయ్యాక, సెలవుల్లో సొంత కుటుంబానికి సాయం చెయ్యవచ్చునని ఒక మినహాయింపు ఉంచారు. ఆ సందు చిన్నదేమీ కాదు. పది రోజుల దసరా సెలవులు కొందరికి నెలన్నర అయ్యేది ఆ సందులోంచే. పంట మారవచ్చు, పత్తి కాకపోతే మిరప. చేను మాత్రం పిల్లవాణ్ణి సెలవుల్లోనే పిలుస్తుంది.

తర్వాత సంక్రాంతి. మన వైపు పిల్లలకు సంక్రాంతి మూడు రోజులతో అయిపోదని బయటివాళ్ళకు తెలియదు. కనుమ నాడు అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెల్లో తిరుగుతాడు. మా ఊరికి స్వామి వచ్చేది ఫలానా రోజు, అది చూసుకొని వస్తాననే పిల్లవాణ్ణి ఎవరాపగలరు? నేనూ ఆగలేదు, దెబ్బలూ తిన్నాను. పండుగను తప్పుపట్టడం లేదు. పారువేట చూసినవాడు తిరిగి వచ్చాడా లేదా అని లెక్క చూసుకునేవాళ్ళు ఉండాలంటున్నాను.

ఆ రోజులకు హాస్టల్లో చూపంతా పదో తరగతి మీదే. వంద రోజుల ప్రణాళిక, స్పెషల్ క్లాసులు, తెల్లవారుజామున లేపి టీ ఇవ్వడం. ట్యూబులైటు కింద వరుస పదోవాళ్ళది. ఆరోవాళ్ళకు "సద్దు చెయ్యద్దు" అనే ఒక్కటే పాఠం. స్టడీ అవరులో పుస్తకం తెరిచి కూర్చుంటే చాలు, చదవడం వచ్చో రాదో అడిగేవాళ్ళు లేరు. ఒకప్పుడు ఏడో తరగతికి కూడా పబ్లిక్ పరీక్ష ఉండేది. ఆ భయానికైనా సార్లు ఏడోవాళ్ళను ఒకసారి కదిలించేవారు. ఆ తర్వాత 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి, ఎనిమిదిదాకా తప్పించకూడదంది. మంచిదే. తప్పిన పిల్లవాడు ఇంటికే పోతాడు కాబట్టి నేను దాన్ని సమర్థిస్తాను. ఆ పరీక్ష మళ్ళీ రావాలనీ అడగను. కానీ తప్పించకపోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. తెలుగు వాచకం కూడబలుక్కొని చదివే పిల్లవాడు తొమ్మిదికి చేరాక, పదికి వంద రోజుల్లో ఏ ప్రణాళిక పనిచేస్తుంది?

పదో తరగతి ఫలితాలను బట్టే వార్డెన్లకు మంచిపేరయినా మెమో అయినా వస్తుందని, వాళ్ళను అని లాభం లేదని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నిజమే. అందుకే నేను అధికారులను కాక, ముందు మనల్నే అడుగుతున్నాను. పూర్వ విద్యార్థులం ఏటా ఏం చేస్తున్నాం? పదిలో ఫస్టు వచ్చినవాడికి గడియారం, శాలువా, ఫోటో. అవసరం ఎవరికుందో వాళ్ళకు మనం వచ్చే వేళకు ఆకలేస్తూ ఉంటుంది, ఉపన్యాసాలు ఎప్పుడయిపోతాయా అని చూస్తుంటారు. మనం వార్షికోత్సవానికి వస్తున్నాం. ఆగస్టులో ఒక ఆదివారం, దసరా సెలవులు ముగిసిన మూడో రోజు, పారువేట రోజుల్లో ఒకసారి రాగలమా? రానివాడి పేరు తీసుకొని, వాడి ఊరికి అదే సాయంత్రం బస్సెక్కగలమా? ఇంటి గడప దగ్గర నిలబడి "అమ్మా, వాణ్ణి పంపించండి" అని మనలాంటివాళ్ళు అడిగితే వినే తల్లులే ఎక్కువ. నన్ను వెనక్కి తెచ్చింది అలా వచ్చిన ఒక సీనియర్ అన్నే. అప్పుడు ఆయన చదివేది తొమ్మిదో తరగతి. తొమ్మిదోవాళ్ళు ఒక్కొక్కరు ఇద్దరు ఆరోవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని రోజూ ఒక పేజీ చదివిస్తే ఖర్చేమీ లేదు. తమ్ముళ్ళారా, ఇది మీకే చెబుతున్నాను. వాళ్ళతో బట్టలు ఉతికించుకునే అలవాటు ఉంటే దానికి బదులుగా ఇది పెట్టుకోండి.

ఇక సంపాదకవర్గానికి నా మనవి. వచ్చే సంచికలో ఫలితాల పేజీ మీద ఆ రెండు అంకెలు వెయ్యండి. ఎంత తక్కువగా ఉన్నా వెయ్యండి.

కొన్నేళ్ళ కిందట నంద్యాల మార్కెట్ యార్డులో మా బ్యాచ్ వాడొకడు కనిపించాడు. ఏడో తరగతిలో ఇంటికి పోయి 'ఇంకా రాని' వాడు. బస్తా దించి నన్ను గుర్తుపట్టాడు, నేను వెంటనే పట్టలేకపోయాను. హాస్టలు వెనక చింతచెట్టు ఉందా అని అడిగాడు. ఎవరి మంచం పక్కన ఎవరు పడుకునేదీ వరుసగా చెప్పాడు, నాకైతే అందులో సగం పేర్లు గుర్తులేవు. వార్షికోత్సవానికి రమ్మన్నాను. "నేను పది చదవలేదు కదప్పా, నన్నెవరు పిలుస్తారు" అన్నాడు. వాడన్నది నిజం. మన చిరునామాల పుస్తకం పదో తరగతి బ్యాచ్‌ల వారీగానే ఉంది. ఏడాదిన్నర మనతో తిని, మనతో పడుకున్నవాడు అందులో ఎక్కడా లేడు.

ఈసారి ఆహ్వానపత్రికలు పంపేటప్పుడు వాడికి కూడా ఒకటి పంపమని కమిటీ వారిని కోరుతున్నాను. చిరునామా నా దగ్గర ఉంది.