మన బిడ్డకు అక్కడ, వాళ్ల బిడ్డకు ఇక్కడ

పటాన్‌చెరు, రామచంద్రాపురం కాలనీల్లో కెనడా నుంచి వచ్చే ఫోన్ కోసం రాత్రి మేల్కొని ఉండే తల్లులు ఎందరో. కొడుక్కి అక్కడి పౌరసత్వం వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ పండగే.

ఇంతకీ కెనడియన్ కావడమంటే ఏమిటి? 1947 జనవరి 1కి ముందు చట్టం దృష్టిలో కెనడియన్లూ బ్రిటిష్ ప్రజలే. 1971లో ఆ దేశం బహుళ సంస్కృతివాదాన్ని తన విధానంగా ప్రకటించింది. శాశ్వత నివాసం పొందినవారు ఐదేళ్లలో 1,095 రోజులు అక్కడ ఉంటే పౌరసత్వానికి అర్హత మొదలవుతుంది. అక్కడా వివక్ష ఉంది. ఆదివాసీ బిడ్డలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసిన చరిత్రా ఉంది. అయినా, వచ్చినవాడు మనవాడు కాగలడన్న మాటను చట్టంలో రాసుకున్నారు.

మరి మన దగ్గర? సాయంత్రం కర్మాగారాల్లో షిఫ్టు దిగే వేళ ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడండి. టిఫిన్ డబ్బా చేత పట్టుకుని ఆటో కోసం చూసే కార్మికుల నోట ఒడియా, భోజ్‌పురి వినిపిస్తాయి. వీరు మరో దేశం వారు కారు, మన తోటి పౌరులు. పదేళ్లున్నా మనకు 'బయటోళ్లే'. 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా కర్మాగారంలో జరిగిన పేలుడు నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. మృతుల్లో చాలామంది ఇతర రాష్ట్రాల వారే. బతికున్నప్పుడు వారిలో ఎందరి పేర్లు మనకు తెలుసు?

ప్రతి వలస కార్మికుడి పేరూ రికార్డులకెక్కాలి. భద్రత, రేషన్, పిల్లలకు బడి అందాలి. మన బిడ్డకు పరాయి గడ్డపై కోరుకునే మర్యాదను మన గడప ముందున్న వారికి ఇవ్వడం మన బాధ్యత.