రీల్స్‌లో పులస, గోదాట్లో ఎక్కడ?

జూలై వస్తే చాలు, ఫోన్ నిండా పులసే. యానాంలో వేలంపాట, ఒక్క చేపకి వేలకి వేలు, చుట్టూ కెమెరాలు. మొన్న మా నల్లజర్ల టీకొట్టు దగ్గర ఇలాంటి రీలే చూస్తుంటే పక్కనున్న పెద్దాయన నవ్వాడు. "మా చిన్నప్పుడు కొవ్వూరు నుంచి సైకిలు మీద తెచ్చి అమ్మేవోళ్లురా. ఫొటో ఎవడు తీశాడు?" అన్నాడు.

రేటు ఎందుకు పెరిగిందో ఏ రీలూ చెప్పదు. చేప తగ్గింది, అంతే.

సముద్రంలో ఉన్నంతసేపూ అది విలస. గోదారికి ఎర్రనీళ్లు రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కి పులసవుతుంది. అమెరికా సాల్మన్‌దీ ఇదే కథ. అక్కడ క్లామత్ నది మీద యురోక్, కరుక్ తెగలవాళ్లు ఏళ్లతరబడి పోరాడితే, 2024 నాటికి నాలుగు డ్యాములు తీసేశారు. కొన్ని వారాలకే సాల్మన్ పైకెక్కింది. అవి కరెంటు డ్యాములు. మన ధవళేశ్వరం అలా కాదు. 1852లో కాటన్ దొర కట్టిన ఆనకట్టైనా, తర్వాతొచ్చిన బ్యారేజీ అయినా డెల్టాకి అన్నం పెట్టింది. దాన్ని తీసేయమని నేనైతే అనను, మా చుట్టాల పొలాలన్నీ ఏలూరు కాలవ కిందే!

గోడ ఉంచుకునే దారి చూస్తున్నవాళ్లూ ఉన్నారు. బెంగాల్‌లో ఇదే చేపని ఇలిష్ అంటారు. ఫరక్కా బ్యారేజీ కింద పట్టిన ఇలిష్‌ని కేంద్ర మత్స్య పరిశోధకులు పైకి తీసుకెళ్లి వదులుతున్నారు, కొన్నిటికి ట్యాగు కట్టి మరీ. ఆ ట్యాగు వలలో కనబడితే కబురు చెప్పేది జాలర్లే. బంగ్లాదేశ్‌లో అయితే ఏటా అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు ఇలిష్ వేట బంద్, జాలరి ఇళ్లకి బియ్యం. అవి సరిగ్గా అందట్లేదని అక్కడా గొడవలే అనుకోండి.

మరి మనకి? సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. దానికి భృతీ ఉంది. పులస గోదారెక్కేది మాత్రం జూలై నుంచి. అంటే మన సెలవులు అయ్యాకే దాని ప్రయాణం మొదలు. పైగా మనకి జన ఉన్న పులసే కావాలి. వచ్చిన పనే గుడ్లు పెట్టడం, ఆ గుడ్లే మనం పులుసులో వెతుక్కుంటాం.

అలాగని ఉత్త చేతుల్తో వేట మానెయ్యమంటే జాలరి ఏం తింటాడు? ఒక్క పులస పడితే అతనికి నెల గడిచిపోద్ది. ఎదురెక్కే రోజుల్లో కొన్నాళ్లు వల ఆపితే, ఆ రోజులకీ భృతి ఇవ్వాలి. బ్యారేజీ కింద పట్టిన వాటిల్లో కొన్నిటిని పైన వదిలే పని కూడా వాళ్లకే కూలిచ్చి అప్పజెప్పొచ్చు. ఏ పాయలో ఎప్పుడు పడుతుందో వాళ్లకంటే ఎవరికి తెలుసు?

ఈ ఏడు జన ఉన్నది వద్దని ఇంట్లో చెప్పాను. మా అమ్మ ఇంకా మాట్లాడట్లేదు.