లోపం దేవుడిలో కాదు, ఆటలో

సంపాదకులకు,

‘హనుమాన్: బాయ్ వారియర్’ వీడియో గేమ్‌పై మీ వ్యాసం అభ్యంతరాల దగ్గరే ఆగిపోయింది. దేవుణ్ణి మీటతో ఆడించడమేమిటని అమెరికాలో హిందూ నాయకుడు రాజన్ జెడ్ అడిగారు, నిజమే. కానీ మన పిల్లలు తోక కట్టుకుని గద తిప్పితే అపచారమంటామా? 2009లో మన హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2కి చేసిన ఆట అది. కథ చెప్పనక్కర్లేని వీరుణ్ణి ఎంచుకోవడమే దాని బలం. బలహీనత ఆడే తీరులో ఉంది: మీట నొక్కడానికీ దెబ్బ పడటానికీ పొంతన కుదరదు, బొమ్మలు వెలవెలబోతాయి. పైగా ప్లేస్టేషన్ 3 వచ్చేసిన రోజులవి! అదే ఏడాది ఇక్కడి గేమ్‌శాస్త్ర సంస్థ ‘దేశీ అడ్డా’ ఆటలో కబడ్డీని, గిల్లీదండాను కన్సోల్‌కెక్కించింది. దాని గురించి ఒక్క వాక్యమైనా రాయాల్సింది. ఈసారి రాయండి.

– ఒక పాఠకుడు, కుత్బుల్లాపూర్